తడి పేపర్ల మీద పందుల వేట

సుబేదారిలో మా వీధి మలుపు దగ్గర టీ కొట్టుకు ఈమధ్య బోర్డు పెట్టారు. అందులో ఇరవై రెండు రకాల టీలు. అల్లం, యాలకులు, బెల్లం, తందూరి, ఇంకా చాక్లెట్ టీ అని కూడా ఒకటుంది, దాన్ని అడిగిన మనిషిని నేనింతవరకు చూడలేదు. నిలబడి బోర్డంతా చదివి, ఆలోచించి, ఒకటి చెప్తే, కొట్టాయన అదే గిన్నెలోంచి అదే టీ పోసి ఇస్తాడు. నాకు టీతో పేచీ లేదు. ఆ బోర్డు ముందు పది నిమిషాలు నిలబడే మనుషులతోనే ఉంది. అటువంటి మనుషుల్లో మా బావ ఒకడు.

బావ అంటే మా అక్క భర్త. నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు. వాళ్ల నాయన నుంచి ఆయనకు ఒక 315 రైఫిలూ, దాని లైసెన్సూ వచ్చాయి. వేట నిషేధమై ఎన్నో ఏళ్లయింది కాబట్టి ఆ రైఫిలుతో ఆయన చేసిందల్లా నూనె పూయడం, తుడవడం, మళ్లీ నూనె పూయడం. కానీ తూటాల గురించి ఆయనకు తెలియనిది లేదు. అమెరికాలో ఎవరో ముసలాయన తన గ్యారేజీలో కూర్చుని, తుపాకి మందు తూచి పోసుకుని, గుండు బిగించి, సొంత చేత్తో తూటాలు చేసుకునే హ్యాండ్‌లోడింగ్ వీడియోలు రోజూ చూస్తాడు. దుప్పికి ఏ గుండు, ఎలుగుకు ఏ గుండు అన్నీ చెప్తాడు. ఆయన రెంటినీ జూలో చూశాడు.

ఇక్కడ మనం అట్లా సొంతంగా తూటాలు చేసుకుంటే పోలీసులు వచ్చి చేయి పట్టుకుని తీసుకుపోతారు. కనుక బావ ఒక ఉపాయం కనిపెట్టాడు. కొన్న తూటాలనే కంసాలి త్రాసు మీద ఒక్కొక్కటి తూచి, బరువును బట్టి మూడు స్టీలు టిఫిను డబ్బాల్లో వేరు చేస్తాడు. "హ్యాండ్‌లోడింగ్‌ల సగం పని ఇదే బామ్మర్దీ," అంటాడు. నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. తూటా మొత్తాన్ని తూస్తే ఇత్తడి గొట్టమూ, మందూ, గుండూ కలిపి బరువొస్తుంది గానీ ఏది ఎక్కువుందో తెలియదు. ఇంటిల్లిపాదినీ ఒకేసారి కాటా ఎక్కించి, అల్లుడు లావయ్యాడా లేదా అని చూడడం లాంటిది. ఈ మాట ఆయనతో ఒకసారి చెప్పాను. ఆయన నాకు ఒక నోటుబుక్కు కొనిచ్చి, బరువులు రాయమన్నాడు.

ఆ ఏడు వానకాలం చివర్లో హసన్‌పర్తి అవతలి ఊరి నుంచి ఒకామె బావ ఇంటికి వచ్చింది. మూడెకరాలు కౌలుకు పట్టి మక్కజొన్న వేసింది. కంకులు పాలు పోసుకునే సమయానికి అడవిపందుల మంద దిగింది. ఆమె చేను చుట్టూ పాత చీరలు కట్టింది, మంగలి షాపు నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల వెంట చల్లింది, మైకులో కుక్కల అరుపులు పెట్టింది. పందులు మొదటి వారం భయపడ్డాయి, రెండో వారం మైకు పక్కనే తిన్నాయి. చివరికి పంచాయతీ నుంచి పందుల్ని కాల్చడానికి అనుమతి రాయించుకుంది. అందులో కాల్చేవాడిగా బావ పేరు ఉంది. గడువు పదిహేను రోజులు.

"సారూ, ఒక్కటో రెండో పడితే చాలు," అంది ఆమె. "మిగిలినయ్ ఆ దిక్కు రావు. పదిహేను రోజులు ఆగితే కంకి గట్టిపడ్తది, ఇగ నా పంట నాకు దక్కుతది. జర తొందరగ రాండ్రి."

"ఫికర్ చేయకమ్మా," అన్నాడు బావ. "మొదలు ఏ తూటా అన్నది తేల్చుకోవాలె."

ఆమె నా వైపు చూసింది. నేను గంభీరంగా తల ఊపాను. అది నా పొరపాట్లలో చిన్నది.

లైసెన్సు మీద బావకు ఏడాదికి ఇరవై ఐదు తూటాలు. అన్నీ అప్పటికే కొని ఉన్నాడు. సగం మెత్తటి మొనవి, అంటే కొసన సీసం బయటికి కనిపించేవి. తగలగానే పుట్టగొడుగులా విప్పుకుని లోపలే ఆగిపోతాయట. మిగతా సగం మొన దాకా రాగి తొడుగు ఉన్నవి, ఇవి నేరుగా దూరి అవతలికి పోతాయట. పందికి ఏది మంచిది? ఈ ప్రశ్న మీద బావకూ ఆయన దోస్తు డాక్టరుకూ ఏళ్ల నాటి తగాదా ఉంది. డాక్టరంటే పశువుల డాక్టరు, ఆయనా రిటైరే. పంది భుజం మీద తోలు ఎంత మందమో ఆయనకు తెలుసు, తెలుసని అందరికీ తెలిసేట్టు చూసుకుంటాడు.

"మెత్తది తోలు మీదనే పగుల్తది," అన్నాడు డాక్టరు.

"నువ్వు బర్రెలకు సూదులేసినోనివి. నీకేమెరుక?"

"నువ్వు కాలువలు తవ్వినోనివి. అవి గూడ పగిలినయ్."

పరీక్ష పెట్టాలని నిర్ణయించారు. రైఫిలు చాలా ఏళ్లుగా కాల్చలేదు కాబట్టి ముందు గురి సరిచేయాలి. షూటింగ్ రేంజికి వెళ్లి ఐదు కాల్చాడు. తర్వాత నానబెట్టిన న్యూసుపేపరు కట్టలు నిలబెట్టి, మెత్తవి నాలుగు, తొడుగువి నాలుగు కాల్చాడు. పేపర్లు నానబెట్టే పని నాది. మా బాత్రూంలో రెండు రోజులు స్నానానికి చోటు లేకుండా పోయింది. కాల్చాక కట్టలు విప్పి, గుండు ఎన్ని పేజీలు దూరిందో లెక్కపెట్టేవాళ్లం. రాశిఫలాల దాకా వచ్చి ఆగిన గుండును బావ అరచేతిలో పెట్టుకుని, మొదటి మనవణ్ణి చూసినట్టు చూశాడు.

ఫలితం తేలలేదు. తెలుగు పేపరు మెత్తనిదనీ, పంది తోలుకు దగ్గరగా ఉండేది ఇంగ్లిషు పేపరేననీ డాక్టరు అభ్యంతరం చెప్పాడు. ఇద్దరూ చదువుకున్నవాళ్లు. ఇంగ్లిషు పేపర్లు నానబెట్టాం. మరో ఎనిమిది పోయాయి. ఆ సాయంత్రం నోటుబుక్కులో నేను రాసుకున్నది నాకిప్పటికీ గుర్తుంది: మిగిలినవి నాలుగు. గడువులో పదో రోజు.

నేను ఆ మాట పైకి అనలేదు. అనొచ్చు. "బావా, నాలుగే ఉన్నయ్, ఇగ చేనుకు పోదాం," అంటే సరిపోయేది. కానీ అప్పటికి ఆ వ్యవహారం నాకు బాగా నచ్చింది. కాలేజీ స్టాఫ్‌రూంలో రోజూ చెప్పేవాణ్ణి, అందరూ కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు. "ఇంగ్లిషు పేపరు తర్వాత ఉర్దూ పేపరా?" అని అడిగేవాళ్లు. రెండు రోజులకోసారి ఆమె బావకు ఫోను చేసేది, నేనెత్తేవాణ్ణి. "సారూ, రాత్రి ఇంకో నాలుగు సాళ్లు పోయినయ్." బావ స్నానంలో ఉన్నాడని చెప్పేవాణ్ణి. చాలాసార్లు అది నిజమే.

పన్నెండో రోజు, ఫలితాన్ని ధ్రువీకరించడానికని, ఇంకో రెండు కాల్చారు. ధ్రువపడింది ఏమిటో నోటుబుక్కులో లేదు.

పదిహేనో రోజు సాయంత్రం, ఎండ ఇంకా ఉండగానే, ముగ్గురం చేనులో మంచె ఎక్కాం. ఆమె మోటారు గది పక్కన కూర్చుంది. చేను అప్పటికే పళ్లూడిన నోరులా ఉంది. బావ దగ్గర రెండు తూటాలు: ఒకటి మెత్తది, ఒకటి తొడుగుది. రెండూ ఒకే బరువు, దాని గురించి ఆయన చాలా సంతోషంగా ఉన్నాడు.

వెలుగు తగ్గుతుండగా వచ్చాయి. మొదట దంటులు విరిగే చప్పుడు, తర్వాత నల్లటి వీపులు. పెద్దది ముందుంది, నలభై అడుగులు కూడా లేదు. నేను గురి చూసినా తగిలేది.

"తొడుగుది పెట్టు," అన్నాడు డాక్టరు గుసగుసగా.

"పరీక్ష చేసినంక గూడ గదే మాటనా?"

"పరీక్షకు పెట్టిన పేపర్లు సరిగ్గ నానలే."

"నానబెట్టింది మా బామ్మర్ది. వానికి ఒప్పజెప్పుడే తప్పు."

బావ మెత్తది పెట్టాడు. పంది పక్కకు తిరిగింది. భుజం కనిపించగానే డాక్టరు మోచేత్తో పొడిచాడు. బావ బోల్టు లాగి, మెత్తది తీసి, తొడుగుది పెట్టబోయాడు. తీసినది వేళ్లలోంచి జారి, మంచె సందులోంచి కిందనున్న ఇనుప పైపు మీద పడి గుడి గంటలా మోగింది. మంద మొత్తం ఒక్కసారిగా తల ఎత్తి, తిరిగి, నిలబడి ఉన్న మక్కను తొక్కుకుంటూ పోయింది. బావ మిగిలిన తూటాను వాటి వెనుక కాల్చాడు. అది గట్టుకు తగిలింది. గట్టు అక్కడే ఉంది.

మేం చీకటి పడగానే వచ్చేశాం. పందులు రాత్రి తిరిగి వచ్చాయి. తెల్లవారి ఆమె పిలిస్తే బావా నేనూ వెళ్లాం. డాక్టరుకు బీపీ చూపించుకునే పని పడింది. చేనులో నిలబడి ఉన్నది గట్టు వారగా రెండు సాళ్లు. గడువు అయిపోయింది, మంచె మీంచి జారిన తూటా కూడా దొరకలేదు, మళ్లీ కొనాలంటే వచ్చే ఏడే. ఆమె విరిగిన దంటుల మధ్య కూర్చుని, గట్టిపడీ పడని కంకుల్ని ఒడిలోకి ఏరుతోంది.

బావ వివరించడం మొదలుపెట్టాడు. తప్పు రైఫిలుది కాదన్నాడు, తూటాదీ కాదన్నాడు. "మేం ఊకెనే కూసోలేదమ్మా. రోజూ లెక్క రాసినం. చూపియ్ బామ్మర్దీ."

నేను నోటుబుక్కు ఇచ్చాను. ఆమె చేతులు చీరకు తుడుచుకుని తీసుకుంది. పేజీలు తిప్పింది. పదో రోజు దగ్గర ఆగి, వేలు పెట్టి చదివింది.

"నాలుగే ఉన్నయని నువ్వు ఆనాడే రాసినవ్?"

"రాసిన."

"ఈయనకు చెప్పినవా?"

"లేదు."

ఆమె నోటుబుక్కు మూసి నా చేతికిచ్చింది.

"ఆయనకైతే పిచ్చి సారూ. అన్నీ చూసుకుంట కూసున్నవ్, నీకేం రోగం?"