నర్సమ్మకు పెట్టిన దణ్ణం

మగవాళ్ల చేత నల్లమందు మాన్పించే మిషన్ ఆసుపత్రి కొండ దిగువన ఉందని డుంబ్రిగుడ సంతలో విని, పెళ్లయిన ఆరో ఏట మా ఆయనను రెండు రోజులు నడిపించి తీసుకెళ్లాను. ఒంటిమీద మందు దొరికితే చేర్చుకోరట. తలపాగా, మొలగుడ్డ విప్పించి వెతికినా ఏమీ దొరకలేదు. సంతోషం పట్టలేక నర్సమ్మకు వంగి దణ్ణం పెట్టాను. నా కొప్పులోంచి ఆకు పొట్లం జారి ఆమె కాళ్లమీద పడింది. నల్లమందు!

"ఏటమ్మా, నువ్వూ తింతావా? ఇది మగోళ్ల వార్డు. ఇద్దరూ బేగి ఎళ్లిపోండి!"

మా ఆయన తల గోక్కున్నాడు.

"దానికేటీ తెల్దమ్మా. దారిలో తొంగున్నప్పుడు నేనే దాసేసినాను. ఆడదాని కొప్పు ఎవులు ఎతుకుతారనీ..."

నర్సమ్మ నవ్వాపుకోలేక, "ఒప్పుకున్నావు గనక లోనికి రా" అంది.

మందు మానడానికి ఆయనకు ఇంకో నెల పట్టింది. కానీ మందు విషయంలో ఆయన నోట నేను విన్న మొదటి నిజం అదే.