పసుపు పూసిన పడవ

నా చిన్నప్పుడు వాకాడు దగ్గర మా పల్లెలో జరిగిన ఒక సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మనవరాళ్లను ఎత్తుకున్నాక కూడా ఆ కోపం తగ్గలేదు. తగ్గించుకోవాలని నాకూ లేదు.

మాది వేట మీద బతికే ఇల్లు. ఉన్నది ఒక్క పడవ, అది పోతే పొయ్యిలో పిల్లి లేవదు. ఏటా గంగమ్మకు పొంగళ్లు పెట్టే రోజున పడవలను నీళ్ల అంచున వరుసగా నిలిపి, వాటి ముక్కుకు పసుపు కుంకుమలు పూసి, వేపమండలు కట్టేవారు. పూజారి వచ్చి కలశం నీళ్లు చల్లేదాకా వాటిని కదపకూడదని కట్టడి. ఆ ఏడాది పూజారి రాకముందే గాలి తిరిగింది. వరుస చివరనున్న మా పడవ, మా పెదనాయన పడవ కిందికి అలలు వచ్చేశాయి.

రోజూ సముద్రంతో పోట్లాడే మా మగవాళ్లంతా దండాలు పెడుతూ నిలబడిపోయారు! "అమ్మకు ఒప్పజెప్పినాం, ఆమే చూసుకుంటాది" అన్నాడు మా పెదనాయన. మా నాయన తలూపాడు.

మా జేజికి వాళ్లిద్దరూ కొడుకులే. గంగమ్మ అంటే ఊళ్లో అందరికన్నా ఆమెకే భక్తి ఎక్కువ. ఆ రోజు పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. పొంగలి కుండ దించి, కొంగు నడుముకు బిగించి, నేరుగా మా పడవ దగ్గరికి నడిచింది.

"దండం పెట్టినారు కదా, ఇంక చేతులు ఖాళీనే కదా! పట్టండ్రా తాడు!"

ఎవరూ కదల్లేదు. జేజి ఒక్కతే తాడు పట్టి లాగింది, నోట్లో గంగమ్మ పేరు ఆపకుండానే. మా అమ్మ పరుగెత్తింది, వెనకే పక్కింటి అక్క, నేను. అప్పటికి సిగ్గుపడి మా నాయన వచ్చి పడవకు భుజం ఆనించాడు. ఎలాగో పడవ ఇసుకదిబ్బ ఎక్కింది. పెదనాయన మాత్రం తన పడవకు అడ్డం నిలబడి ఎవరినీ ముట్టనివ్వలేదు. అది మా కళ్ల ముందే కొట్టుకుపోయింది.

మరునాడు ఆయన మా వాకిట్లోకి వచ్చి ఏమన్నాడో తెలుసా? "నువ్వు కట్టడి తప్పినావు, అందుకే అమ్మ నా పడవ తీసుకుపోయినాది" అన్నాడు, కన్నతల్లిని పట్టుకుని! ఊరు ఊరంతా అవునంది. చేతులు ముడుచుకుని చూసినవాళ్లది భక్తి అట, ఒళ్లు వంచి లాగినామెది పాపమట. నాకు ఏడుపొచ్చింది. జేజి మాత్రం "రేపటి నుంచి తమ్ముడి పడవలో వేటకు పో. ముందు వచ్చి కూడు తిను" అంది.

ఇప్పటికీ అంతే. తుఫాను కబురు రాగానే సెల్లుల్లో దేవుడి బొమ్మలు పంపుకుంటారు గానీ, ఇంటిమీది రేకుకు తాడు కట్టేవాడు కనిపించడు. నేను నోరు పారేసుకుంటాను. ముసలిదానికి చాదస్తం అనుకుంటారు, అనుకోనీ.

పడవ లాగిన సాయంత్రం, తాడు ఒరుసుకుని చీరుకుపోయిన జేజి అరచేతులకు పసుపు అద్దింది నేనే. పూజలో మిగిలిన పసుపే అది. ఈనాటికీ దీపం పెట్టి కళ్లు మూసుకుంటే నాకు గంగమ్మ ముఖం కన్నా ముందు ఆ పచ్చటి చేతులే కనిపిస్తాయి.