గొర్రెల లారీకి కట్టిన ఇల్లు

పోయిన వారం మా తోడల్లుడి కొడుకు రాజంపేటలో మా ఇంటి ముందుకు ఒక చక్రాల ఇల్లు తెచ్చి నిలబెట్టాడు. గండికోట చూడవచ్చే వాళ్ళకు అద్దెకిస్తాడట. లోపల మంచాలు, గ్యాసు పొయ్యి, స్నానాల గది అన్నీ ఉన్నాయి, ఒక్క ఇంజను తప్ప. దాన్ని లాగడానికి ఏ బండి కొనాలా అని వాడూ వాడి స్నేహితులూ మా అరుగు మీద కూర్చుని, సెల్‌ఫోన్లలో బొమ్మలు చూసుకుంటూ పొద్దు గుంకేదాకా వాదించుకుని, చివరికి పెద్దనాయన కువైట్‌లో అన్నేళ్ళు బండి తోలినాడు గదా, ఆయన్నే అడుగుదామని నా వైపు తిరిగారు. నాకు నవ్వొచ్చింది. ఈ ప్రశ్న నన్ను ఇంతకు ముందే ఒకసారి అడిగారు. అప్పుడు అడిగిన వాళ్ళ ఇంటి బయట ఇరాక్ సైనికులు తుపాకులు పట్టుకుని తిరుగుతున్నారు.

మన ఈడు వాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. కడప జిల్లాలో వానలు మొహం చాటేసినప్పుడల్లా ఊరికి పదిమంది బొంబాయి దారి పట్టి, అక్కడి నుంచి విమానమెక్కి కువైట్‌లో దిగేవాళ్ళం. నాకు జహ్రాలో ఒక పెద్ద కుటుంబంలో ఇంటి డ్రైవరు పని దొరికింది. యజమానిని బాబా అనీ, ఆయన భార్యను మామా అనీ పిలిచేవాళ్ళం. బాబా తమ్ముడు బడిపంతులు, పెళ్ళాం బిడ్డలతో అదే ఇంట్లో ఉండేవాడు. వంటపనికి రాయచోటి నుంచి వచ్చిన ఒక చెల్లెలు ఉండేది. వరసకు చెల్లెలు కాదు గానీ, పరాయి దేశంలో మన మాట మాట్లాడే మనిషి కనిపిస్తే వరసలు వాటంతటవే కలిసిపోతాయి. వీళ్ళందరి మీదా బాబా తల్లి. ఆమె నాకు పెద్ద మామా.

పెద్ద మామా పుట్టింది గుడారంలో. ఇంట్లో చల్లటి గాలి మరలు ఎన్ని ఉన్నా, చలికాలం వచ్చిందంటే ఎడారిలో గుడారం వేయించుకుని నెలల తరబడి అక్కడే ఉండేది. అక్కడి కుటుంబాలన్నిటికీ అది ఆనవాయితీ; మన దగ్గర వేసవి సెలవులకు అమ్మమ్మ గారి ఊరు వెళ్ళినట్టు వాళ్ళు చలికాలం ఎడారికి వెళతారు. ఒక ఏడు స్నానాల గదిలో జారిపడి ఆమె తుంటి విరిగింది, సరిగా అతుక్కోలేదు. కూర్చోలేదు, పడుకోవడమే. ఎంత చెప్పినా ఎడారి మాత్రం మానుకోనంది. అందుకని కొడుకులిద్దరూ సులైబియాలో వెల్డింగు పని చేసే ఒక యార్డులో ఆమె కోసం ఒక కరవాన్, అంటే చక్రాల ఇల్లు, కట్టించారు. ఆమె మంచం కదలకుండా నేలకు బోల్టులు వేయించి, నీళ్ళ ట్యాంకు పెట్టించి, ఇసుక గాలికి ఊగకుండా అడుగున రైలు పట్టాల్లాంటి ఇనుము వేయించారు. కన్నతల్లి మీద ప్రేమంతా ఇనుము రూపంలో పోసేశారని నేనూ చెల్లెలూ చాటుగా నవ్వుకునేవాళ్ళం. చలికాలం ముందు ఆ యార్డు వాళ్ళే తమ పెద్ద బండి తెచ్చి దాన్ని లాక్కెళ్ళి ఎడారిలో దింపేవాళ్ళు, చలి పోగానే తిరిగి తెచ్చి మా ఇంటి వెనక పెరట్లో పెట్టేవాళ్ళు. ఇంట్లో వాళ్ళెవరికీ దాని బరువేమిటో తెలియాల్సిన అవసరమే రాలేదు.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. ఉత్తరం నుంచి వచ్చే దారి జహ్రా మీదుగానే కాబట్టి టాంకుల చప్పుడు అందరికంటే ముందు విన్నది మేమే. కొన్నాళ్ళలో రొట్టెలకు బారులు, ఖాళీ దుకాణాలు, తలుపు తట్టితే మగవాళ్ళు దాక్కోవడం, అంతా అలవాటైంది. మనవాళ్ళు చాలామంది బస్సులు మాట్లాడుకుని బాగ్దాదు మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్‌కు పోతున్నారని తెలిసింది. మా వీధి వాళ్ళేమో ఒక్కొక్కరే ఎడారి దారిన సౌదీకి జారుకుంటున్నారు. మా ఇల్లు మాత్రం కదల్లేదు. పెద్ద మామా కారులో కూర్చోలేదు, ఆ ఎండలో టాపు లేని బండిలో పడుకోబెట్టి గంటల కొద్దీ తీసుకుపోతే దారిలోనే ప్రాణం పోతుంది. నన్ను వదిలి మీరు పొండి, నా బతుకు నేను బతికేశాను అని ఆమె రోజూ కొడుకులతో అనేది. ఆ మాట అన్నప్పుడల్లా బాబా లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. ఆమె కదిలితేనే ఇల్లు కదులుతుంది. సైనికులేమో ఇంటింటికీ వచ్చి వయసులో ఉన్న మగవాళ్ళను పట్టుకుపోతున్నారు. బాబా తమ్ముడు వీధిలో బూట్ల చప్పుడు వినగానే ఎవరి చూపో తన మీద పడ్డట్టు ఉలిక్కిపడేవాడు.

ఆమెను కరవాన్‌తో సహా తీసుకుపోదామన్న ఆలోచన మామాది. దానితో మా దివానియా, అంటే మగవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే ముందు గది, బండ్ల సంతగా మారింది. మాకు మూడు బండ్లున్నాయి. ఒకటి బాబా అమెరికా కారు, పడవంత పొడుగు. రెండోది తమ్ముడు అప్పుడే కొన్న జపాన్ జీపు, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందేది. మూడోది సులైబియాలోని వాళ్ళ తోట నుంచి గొర్రెలనూ గడ్డినీ తెచ్చే పాత లారీ. మూడో దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఇల్లు అగ్గిపాలవుతున్నా మనిషికి తన బండి మీద మమకారం పోదు. అన్న కారు గొప్పనీ, తమ్ముడు జీపు గొప్పనీ.

పెరట్లోనే కట్టి చూశాం. కారుకు తగిలించగానే దాని వెనక భాగం నేలకు కుంగి, ముందు దీపాలు ఆకాశం వైపు చూశాయి. ఇసుకలో దిగితే దాని కడుపు నేలకు తగులుతుందని చిన్నపిల్లలకు కూడా తెలిసిపోయింది. జీపు బలమైనదే, లాగింది కూడా. కానీ నేను బ్రేకు వేయగానే వెనక నుంచి కరవాన్ దాన్ని తోసుకుంటూ గోడ దాకా తీసుకుపోయింది. దూడను పట్టుకున్న పిల్లాణ్ణి దూడే లాక్కుపోతుందే, అలాగ. లాగడం కంటే ఆపడం కష్టమని, లాగే బండి కూడా ఆ బరువుకు తట్టుకునేంత బరువుండాలని అప్పుడు అందరికీ అర్థమైంది. ఇక మిగిలింది లారీయే. వెనక జంట చక్రాలు, మొదటి గేరులో కొండనైనా కదిలించే ఓపిక, నత్త నడక, ముక్కు మూసుకోవలసిన వాసన.

రాయచోటి చెల్లెలు దాని చుట్టూ తిరిగి చూసి, "అన్నా, దీంట్లో మనం పోతే గొర్రెలు గూడా మనల్ని సూసి నవ్వుతాయి" అంది.

బాబా మాత్రం నవ్వలేదు. వాళ్ళలో తల్లి ఎప్పుడూ ఇంట్లో ఉన్న అన్నిటికంటే మంచి బండిలో, అందరికంటే ముందు ప్రయాణం చేస్తుంది. అది మర్యాద. తన తల్లి గొర్రెల లారీ వెనక ఈడ్చుకుంటూ సరిహద్దు దాటిందని రేపు బంధువులు చెప్పుకుంటే తలెత్తుకోలేనన్నాడు. జీపుతోనే ఎలాగో ప్రయత్నిద్దామన్నాడు. మూడు రోజులు అదే పట్టు. చివరికి పెద్ద మామా కొడుకులిద్దరినీ, నన్నూ తన మంచం దగ్గరికి పిలిపించింది. నన్ను లారీ లాగగలదా అని అడిగింది, లాగుతుందన్నాను. బాబా మళ్ళీ మర్యాద మాట ఎత్తబోతే చెయ్యెత్తి ఆపింది.

"మర్యాద సంగతి సరిహద్దు దాటాక చూసుకుందాం. దారిలో ఉన్నది దొంగలు. మంచి బండి కనబడితే దించేసి తీసుకుంటున్నారు. వాళ్ళు చూసి మొహం తిప్పుకునే బండి కట్టండి, ఖలాస్."

అంతటితో దివానియాలో సంత ముగిసింది.

ఒక తెల్లవారుజామున బయలుదేరాం. బాబా కాపరి తొడుక్కునే మాసిన చొక్కా తొడుక్కుని నా పక్కన కూర్చున్నాడు. తమ్ముడు లారీ వెనక రెండు గొర్రెల మధ్య గడ్డి మూటల మీద కూర్చున్నాడు. పిల్లలకు లెక్కలు చెప్పే మనిషి, దారి పొడుగునా ఒక గొర్రె ఆయన చొక్కా చెయ్యి నములుతూనే ఉంది. ఆడవాళ్ళూ పిల్లలూ కరవాన్‌లో పెద్ద మామా చుట్టూ సర్దుకున్నారు. అన్నీ జాగ్రత్తగానే చేశాం. ఒక్కటి తప్ప. అక్కడ పెద్దవాళ్ళు ప్రయాణమైతే ముందుగా ఆ చోటంతా అగరు ధూపం వేస్తారు. మంచి అగరు, మన దగ్గర గుడిలో కూడా అంత మంచిది వాడం. అత్తగారు ఇల్లు కదిలి పోతుంటే మామాకు చేతులు ఊరుకోలేదు. కరవాన్ కిటికీలు మూసి, నిప్పుల మీద గుప్పెడు వేసి, పరుపులకూ తెరలకూ పొగ పట్టించింది. ఈ వాసన బయటికి వస్తే మనం పోయినట్టేనని చెల్లెలు గొణిగిందట గానీ మామా వినిపించుకోలేదు.

ఊరు దాటి దక్షిణంగా తిరిగిన చోట సైనికులు ఆపారు. లారీ వైపు చూసి ముక్కు చిట్లించి పొమ్మని చెయ్యి ఊపబోయాడు ఒకడు. ఇంకొకడు ఊరికే, ఏమీ తోచక, కరవాన్ తలుపు తెరిచాడు. లోపల నుంచి గుప్పున పెళ్ళింటి వాసన వచ్చింది. గొర్రెల కాపరి ఇల్లు అలా వాసన రాదని ఎవడికైనా తెలుస్తుంది. వాడు కేకేస్తే అధికారి వచ్చాడు. అందరినీ దిగమన్నాడు. అధికారి లోపలికి తొంగి చూసి, మంచాలూ గాలి మరా చూసి సంతోషించి, మగవాళ్ళ సంగతే మరిచిపోయి, ఎండలో డేరాల కింద ఉడికిపోతున్న తనకు ఇది పనికొస్తుందన్నాడు. అతని దగ్గర ఎవరి దగ్గరో లాక్కున్న కొత్త జీపు ఉంది, బాబా తమ్ముడి జీపు లాంటిదే. కరవాన్‌ను విప్పి దానికి తగిలించమన్నాడు.

పెద్ద మామా మాత్రం దిగలేదు, దిగే వీలు కూడా లేదు. తలుపులో నుంచి ఆమె గొంతు వినబడింది.

"తీసుకో బిడ్డా. నేనూ దీనితోనే వస్తాను. నన్ను పక్కకు తిప్పడానికి ఇద్దరు కావాలి, నీ సిపాయిలకు నేర్పిస్తాను."

ముసలమ్మ సంగతి తర్వాత చూద్దామని అధికారి జీపు ఎక్కి తానే తోలాడు. జీపు ఒక్క గజం కదిలింది. తర్వాత చక్రాలు ఇసుకను చిమ్ముతూ కిందికి దిగడం మొదలుపెట్టాయి. అతను ఎంత తొక్కితే అంత దిగాయి. సిపాయిలు తోశారు, పలకలు పెట్టారు. లోపల నుంచి పెద్ద మామా నెమ్మదిగా తోయండి, నా మంచినీళ్ళు ఒలుకుతున్నాయి అని అంటూనే ఉంది. ఆ ఎండకు జీపు ఇంజను కూడా పొగలు కక్కింది. అధికారి దిగి, మా లారీ వంక చూశాడు. దాన్ని కూడా తీసుకుంటాడనుకున్నాను. వెనక నుంచి గొర్రె అరిచింది. తన సిపాయిల ముందు ఆ లారీ ఎక్కి తోలడమా అన్నట్టు అతని మొహంలో ఒక ఇబ్బంది కనబడింది. బాబా ఏ సిగ్గుతో మూడు రోజులు ఆ లారీని వద్దన్నాడో, ఆ అధికారి కూడా అదే సిగ్గుతో దాని జోలికి రాలేదు. మీ ముసలమ్మనూ, మీ ఇనప డబ్బానూ తీసుకుని నా కళ్ళ ముందు నుంచి పొండి అన్నాడు.

లారీ వెనక్కి పెట్టి కొక్కెం తగిలించాను. మొదటి గేరులో అది మూలిగి, మూలిగి, ఇసుకలో నుంచి ఇంటిని బయటికి తీసింది. చాలా దూరం పోయాక బాబా ఆ మాసిన చొక్కాతో కళ్ళు తుడుచుకుని, చెయ్యి చాచి లారీ డాష్‌బోర్డు మీద రెండుసార్లు తట్టాడు, గుర్రాన్ని తట్టినట్టు. మమ్మల్ని దాటుకుని కొన్ని మంచి కార్లు వేగంగా పోయాయి. వాటిలో ఒకటి రెండు ముందు ఇసుకలో దిగబడి కనిపిస్తే ఆగి, వాళ్ళను కూడా ఎక్కించుకున్నాం. సాయంత్రానికి సౌదీ వైపు చేరేసరికి మా కరవాన్ పెళ్ళి బస్సులా కిటకిటలాడుతోంది. అక్కడ బంధువులు ఎదురొచ్చారు. గొర్రెల లారీ సంగతి ఎవరూ ఎత్తలేదు.

బాబా నన్నూ చెల్లెల్నీ దమ్మాం నుంచి విమానమెక్కించి ఇంటికి పంపాడు. యుద్ధం ముగిశాక కబురు పెడితే తిరిగి వెళ్ళాను. పెద్ద మామా కూడా తన ఇంటికి తిరిగొచ్చింది, ఇంకా కొన్ని చలికాలాలు ఎడారిలో గడిపింది. ఆ తర్వాత ఏ యార్డు బండినీ పిలవనివ్వలేదు. లారీయే కట్టాలి, నేనే తోలాలి. దాని వెనక ఇంటిల్లిపాదీ వరసగా, దాని నత్త నడకకు తమ కార్ల వేగం తగ్గించుకుని వచ్చేవాళ్ళు. ముందుకు పోయి గుడారాలు వేసుకోండని ఆమె ఎన్నిసార్లు చెప్పినా ఒక్కరు కూడా దాటిపోయేవాళ్ళు కారు. నా జీవితంలో అంత తృప్తిగా బండి తోలిన రోజులు మళ్ళీ లేవు.

ఆమె పోయాక కూడా కుటుంబం ఎడారికి వెళ్ళడం మానలేదు. కానీ ఎవరి బండి వాళ్ళది, ఎవరి గుడారం వాళ్ళది. ఒకరు గురువారం వస్తే ఒకరు శుక్రవారం వచ్చి, అన్నం వేళకు ఒకరినొకరు ఫోన్లలో వెతుక్కునేవాళ్ళు. నేను ఉద్యోగం మానుకుని వచ్చేసే ముందు పెరట్లోకి వెళ్ళి కరవాన్‌ను చూసి వచ్చాను. టైర్లు గాలి పోయి నేలకు అంటుకున్నాయి. పిల్లలు పెద్దవాళ్ళై కొన్న బండ్లు ముందు వాకిట్లో వరసగా నిలబడి ఉన్నాయి, దాన్ని అవలీలగా లాగగలిగినవి వాటిలో నాలుగున్నాయి. వెంట తీసుకుపోవలసిన మనిషే లేదు.