వంకాయ రంగు పిన్ను

నిన్న శంషాబాద్ బజారులో కీబోర్డు కొనబోయి, పాత అలవాటు కొద్దీ గుండ్రటి పిన్నుది కావాలని అడిగాను. దుకాణదారు నవ్వి, "గవి ఇగ రావు సార్, ఇప్పుడు అన్నీ యూఎస్‌బీలే, ఏ సందుల పెట్టినా నడుస్తది" అన్నాడు. ఆ మాట ఇల్లు చేరేదాకా నన్ను గుచ్చుతూనే ఉంది.

విమానాశ్రయం వస్తుందని ఇక్కడి భూములు చేతులు మారుతున్న రోజుల్లో, నేను దస్తావేజులు రాసే ఒక ఆఫీసులో చేరాను. నాకు టైపింగ్ నేర్పింది అక్కడ పనిచేసే కొత్వాల్‌గూడ అక్క. ఆ కంప్యూటర్లు వాడినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, వెనకవైపు ఒకే కొలత రంధ్రాలు రెండు, కీబోర్డుకు ఊదా, మౌసుకు ఆకుపచ్చ. ఒకదాని పిన్ను రెండోదాంట్లో చక్కగా దూరుతుంది గానీ పనిచేయదు. "వంకాయ రంగుది వంకాయ దాంట్లనే పెట్టాలె తమ్మీ" అని అక్క మొదటిరోజే చెప్పింది.

ఒక పొద్దున బల్ల తుడుద్దామని వైర్లు పీకి, చేత్తో తడుముతూ మళ్ళీ గుచ్చాను. అక్క వచ్చి కూర్చుంటే ఒక్క అక్షరమూ పడలేదు, రాహుకాలం రాకముందే రిజిస్ట్రేషన్ కావాలని వచ్చిన పార్టీవాళ్ళేమో గొడవ పెడుతున్నారు. "వైర్లు సరిగ్గనే పెట్టినవా తమ్మీ?" అని అడిగింది. వంగి చూడనైనా చూడకుండా తలూపాను. నా మాట నమ్మి, పక్కనున్న సీసాలోంచి తానే కీబోర్డు మీద నీళ్ళు ఒలకబోశానేమోనని అక్క అంది, యజమాని ఆ మాటే పట్టుకున్నాడు. పార్టీవాళ్ళు పక్క ఆఫీసుకు పోగానే, రేపటినుంచి రావద్దని ఆమెతో చెప్పేశాడు.

అక్క టిఫిను డబ్బా తీసుకుని వెళ్ళిపోయాక వంగి చూశాను. వంకాయ రంగు పిన్ను ఆకుపచ్చ దాంట్లో ఉంది. కంప్యూటర్ ఆపి, పిన్నులు మార్చి, మళ్ళీ వేస్తే అక్షరాలు పడ్డాయి. నీళ్ళు ఆరినట్టున్నాయని యజమానితో అన్నాను. ఆ కుర్చీ నాకే ఇచ్చారు, దానిమీదే నా సంసారం నడిచింది.

ఏడాది తర్వాత బస్టాండులో అక్క కనబడింది. ఇంకా పని దొరకలేదట. చెప్పేద్దామని నోరు తెరిచాను, నాకంటే ముందు ఆమే, "నీళ్ళ సీసా దూరం పెట్టుకో తమ్మీ, నాలెక్క పరేషాన్ గాకు" అంది. సరే అక్కా అన్నాను, అంతే. నాకు సిగ్గేసింది, కానీ బస్సు వచ్చేదాకా కూడా చెప్పలేకపోయాను.

ఇప్పటివాళ్ళకు నేను చేసిన తప్పు చేద్దామన్నా వీల్లేదు. నా బల్ల మీద మాత్రం ఈనాటికీ నీళ్ళ సీసా ఉండదు, ఇంట్లోవాళ్ళు అది నా జాగ్రత్త అనుకుంటారు.