సిస్టరమ్మ పిల్లికి నీళ్లు పట్టించడం

పిల్లి ఇసుక తట్టలోంచి లేవడం లేదని మొదట గమనించింది నేనే. మధ్యాహ్నం మూడింటికి ఆఫీసు నుంచి వచ్చి గేటు తీశాను. కింది వాటా వరండా మూలన, తట్టలో వీపు వంచి కూర్చుని ఉంది. లేచి రెండడుగులు వేసింది, మళ్లీ వెనక్కి వెళ్లి కూర్చుంది. గొంతులోంచి సన్నటి మూలుగు. ఇసుక తాకి చూశాను. పొడిగా ఉంది.

అది మా ఇంటి యజమానురాలి పిల్లి. ఆవిడ పోయి అప్పటికి ఏడు వారాలు.

లింగంపల్లిలో వాళ్ల మేడ మీద మేం కిరాయికి ఉండేవాళ్లం. మా ఆయనకు బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో పని. నేను మాదాపూర్ గుట్టల మధ్య కొత్తగా లేచిన ఒక అద్దాల భవనంలో పొద్దున షిఫ్టుకి వెళ్లేదాన్ని. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఆగిపోతాయని భయపడుతున్న రోజులు. తేదీల్లో రెండంకెలున్న చోట నాలుగంకెలు కొట్టడమే నా ఉద్యోగం. ఇంటావిడ ప్రభుత్వ దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. కాలనీ అంతా సిస్టరమ్మ అనేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆమె భర్త రైల్వేలో చేసిన మనిషి, మితభాషి. ఆయన్ను బాబాయిగారూ అనేదాన్ని. వాళ్లకు పిల్లల్లేరు. ఈ ఎర్రటి మగపిల్లిని ఆమె "పోరడా" అని పిలిచేది.

సిస్టరమ్మకు కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్. రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని డాక్టర్లు కొలత పెట్టారు. బాబాయిగారు మందుల కోసం బయటికి వెళ్లినప్పుడు ఆమె దగ్గర నేను కూర్చునేదాన్ని. ఆఖరిసారి కూర్చున్న మధ్యాహ్నం నన్ను అడిగింది.

"బిడ్డా, జర నీళ్లియ్యి. ఒక్క గుక్క."

ఆ రోజు కొలత అప్పటికే అయిపోయింది. "ఇవాళ్టికి ఇచ్చేశామండీ. డాక్టరుగారు వద్దన్నారు కదా" అన్నాను. దూది తడిపి పెదవులకు అద్దబోయాను. నా చెయ్యి పక్కకు నెట్టేసింది.

"ముప్పై ఏండ్లు అందరికీ నేను గిదే చెప్పిన" అంది. "గింత దూప అయితదని తెల్వకపాయె."

గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడు తెల్లవారేసరికి ఊపిరాడక ఆసుపత్రికి తీసుకెళ్లారు. మళ్లీ ఇంటికి రాలేదు.

అప్పట్నుంచి మధ్యాహ్నాలు నాకు ఇంట్లో ఉండబుద్ధి అయ్యేది కాదు. నడుం వాలిస్తే కింద గదిలోంచి ఎవరో దూప అంటున్నట్టు ఉండేది. లేచి వింటే ఏమీ ఉండదు. మంచినీళ్లు గొంతు దిగేవి కావు. సగం తాగి వదిలేస్తున్నానని మా ఆయన రెండు మూడుసార్లు అన్నాడు. సిస్టరమ్మ నీళ్లడిగితే ఇవ్వలేదన్న సంగతి ఆయనకూ చెప్పలేదు.

పిల్లి ఆమె మంచం కిందనే పడి ఉండేది. బాబాయిగారు పాలన్నం పెడితే ముట్టేది కాదు. మా అమ్మ ఊరి నుంచి పంపిన ఎండు రొయ్యల డబ్బా నా దగ్గర ఉండేది. ఒకరోజు గుప్పెడు తెచ్చి ముందు పోస్తే ఆబగా తినేసింది. నాకెంత సంతోషమైందో! ఇక రోజూ అదే పెట్టాను. ఆమెకు చెయ్యలేనిదేదో దీనికి చేస్తున్నానని మనసులో ఉండేది.

ఆ మధ్యాహ్నం పిల్లిని కూరగాయల బుట్టలో పెట్టి, పైన తువ్వాలు కట్టి, బాబాయిగారూ నేనూ ఆటోలో పశువుల దవాఖానకు తీసుకెళ్లాం. డాక్టరు పొట్ట నొక్కి చూసి, "ఉచ్చ సంచి రాయి లెక్క అయింది" అన్నాడు. మత్తు ఇచ్చి సన్నటి గొట్టం వేశాడు. ఎర్రటి నీళ్లొచ్చాయి. వాటి అడుగున ఇసుకలాంటి నలుసులు.

"మగపిల్లికి దారి సన్నగ ఉంటది. గీ ఇసుక పోయి అడ్డం పడ్డది. ఇంకో పూట ఆగితే దక్కకపోతుండె. తిండి ఏం పెడుతున్నరు?"

చెప్పాను.

"ఎండు రొయ్యలా? ఇగ బంద్ చెయ్యమ్మా. ఒక్క దానివల్లనే అయిందని నేను అనను గని, ఎండువి, ఉప్పువి వద్దు. బొక్కల్లేని కోడి ఉప్పెయ్యకుండ ఉడకబెట్టి, ఆ నీళ్లతోనే పెట్టు. అప్పుడప్పుడు జర కార్జం. నీళ్లు ఎంత తాగితే అంత మంచిది. ఎట్లనన్న తాగించాలె."

నా చేత్తో నేను పెట్టినదాని వల్లేనా అని ఆటోలో వెనక్కి వస్తున్నంతసేపూ అనుకుంటూనే ఉన్నాను. బాబాయిగారు బుట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు.

కోడి ఉడికించాను. చల్లారనిచ్చి, ముక్కలు మెత్తగా నలిపి, ఆ నీళ్లలోనే పెట్టాను. ముక్కలు ఏరుకుని తినేది, నీళ్లు వదిలేసేది. గదికో గిన్నె పెట్టాను. గిన్నె బదులు మట్టి మూకుడు పెట్టి చూశాను. మూతి దగ్గరికి తీసుకెళ్తే మొహం గోడవైపు తిప్పుకునేది. అలా తిప్పుకున్నప్పుడు గిన్నె అక్కడే వదిలేసి మేడెక్కేదాన్ని.

మూడోరోజు ఏం చెయ్యాలో తెలియక మంచం పక్కన నేల మీద కూర్చుని, "దా పోరడా. జర తాగు బిడ్డా" అన్నాను.

అది నా మాట కాదు. మా వైపు ఎవరూ అలా మాట్లాడరు. గొంతు కూడా నాది కాదనిపించింది. ఆ బొంగురు, చివర్లో ఆ సాగదీయడం అంతా ఆమెదే. పిల్లి చెవులు నిక్కపొడిచి నా మొహం కేసి కాదు, నా భుజం మీదుగా వెనక్కి చూసింది. తర్వాత వచ్చి గిన్నెలో మూతి పెట్టింది.

తిరిగి చూస్తే గుమ్మం దగ్గర బాబాయిగారు నిలబడి ఉన్నారు. తలుపు రెక్క పట్టుకుని ఉన్నారు. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

"అట్లనే పిలువమ్మా" అన్నారు. "అది తాగుతున్నది."

రోజూ షిఫ్టు అయ్యాక వచ్చి అలాగే పిలిచేదాన్ని. కావాలని అనుకరించేదాన్ని కాదు. నోరు తెరిస్తే అదే వచ్చేది. పిల్లి నా వెనక ఎవర్ని చూస్తోందో అని తల తిప్పడానికి భయం వేసేది. కానీ తట్టలో ఇసుక తడిసేది. ఆ తడి చూసుకుని మేడెక్కేదాన్ని.

రెండు వారాలు గడిచాయి. ఒకరోజు పిల్లి గిన్నె అడుగు దాకా నాకేసింది. బాబాయిగారు వచ్చి మంచం అంచున కూర్చున్నారు.

"ఆమెకు నేనే ఇచ్చిన" అన్నారు.

"ఏమిటండీ?"

"నీళ్లు. ఆ దినం పొద్దుగూకంగ, నువ్వు మీదికి పోయినంక అడిగింది. చెంబు నిండ ఇచ్చిన. మొత్తం తాగింది. చల్లగుందన్నది. తెల్లారేసరికి ఊపిరి ఆడకపాయె." ఖాళీ గిన్నె చేతిలోకి తీసుకున్నారు. "నేనే సంపుకున్న."

నాకు మొదట కలిగింది జాలి కాదు. ఆమె దాహంతో పోలేదన్న తేలిక. తొమ్మిది వారాల తర్వాత గుండె నిండా గాలి పీల్చాను. ఆ వెంటనే, ఎదుట కూర్చున్న మనిషిని చూసి, నా మీది బరువు దిగి ఎవరి మీద పడిందో అర్థమై భయం వేసింది.

"నన్ను కూడా అడిగారండీ" అన్నాను. "నేను ఇవ్వలేదు."

"తెల్సు. చెప్పింది."

"ఏమన్నారు?"

"ఆ పిల్ల మంచి నర్సు అయితుండె అన్నది."

మెచ్చుకుందో, ఎత్తిపొడిచిందో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. "మీ తప్పు కాదండీ" అని ఒక మాట అన్నాను. ఆయన తల ఊపారు గానీ, నమ్మినట్టు లేదు. డయాలసిస్ డాక్టర్ని అడిగి ఉంటే ఏమనేవారో తెలియదు. మేమిద్దరం ఎప్పుడూ అడగలేదు.

పిల్లి కోలుకుంది. ఆ మరుసటి ఎండాకాలం ఇంకోసారి అడ్డం పడితే బాబాయిగారే పొద్దున్నే గుర్తుపట్టి దవాఖానకు తీసుకెళ్లారు. అప్పటికి కోడి ఉడకబెట్టడం ఆయనే నేర్చుకున్నారు. మా ఆయన పనికి దగ్గరని మేం కూకట్‌పల్లికి మారిపోయాం. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆయన ఫోన్ చేసేవారు.

"నిన్న మూడుసార్లు పోసిందమ్మా. తట్ట మంచిగనే తడిసింది."

"నీళ్లు తాగుతోందాండీ?"

"తాగుతున్నది."

అంతే. తర్వాత కాసేపు ఫోన్ పెట్టేసేవాళ్లం కాదు. ఆయన ఊపిరి వినిపించేది, నాది ఆయనకు వినిపించేది కాబోలు. ఆమె మాట ఒక్కసారి కూడా రాలేదు.

రెండేళ్లకు ఒక ఆదివారం, "పోయిందమ్మా" అన్నారు. "ఉచ్చ బందై కాదు. ముసలిదాయె. నిద్రల పోయింది."

"మీరు బాగా చూసుకున్నారండీ" అన్నాను.

"ఊఁ" అన్నారు.

తర్వాతి ఆదివారం పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఫోన్ పక్కనే కూర్చున్నాను. మోగలేదు. నేనూ చెయ్యలేకపోయాను. చేసి ఏం అడగాలో తెలియలేదు.