తిప్పని పళ్లెం

ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో ఊళ్లో మానాంగ్ పిడింగ్ హోటల్ అంటే, జేబులో కాసిన్ని పెసోలున్నవాడెవడైనా కడుపునిండా తిని, పైన ఒక బీరు తాగి లేవగలిగిన చోటు. బొగ్గుల మీద కాలే కోడి వాసన వీధి మలుపు దాకా వస్తుంది. ఆలిచిప్పలను బకెట్లతో తెచ్చి బల్ల మీద పెడతారు. సాయంత్రాలు సలోమె పాడుతుంది, పక్కన రొడెల్ గిటార్ వాయిస్తాడు.

సలోమెకి నలభై దాటాయి, గొంతుకి మాత్రం ఆ సంగతి ఇంకా తెలియదు. అడిగిన పాటే మళ్లీ మళ్లీ అడిగినా విసుక్కోదు. తాళం తప్పి గొంతు కలిపే తాగుబోతులను మాత్రం మైకులోనే ఏడిపిస్తుంది. ఆమెకున్న ఆశల్లా ఒకటే, విహార ఓడ మీద పాడాలి. అందుకు మనుషులను తీసుకునే ఏజెన్సీకి ఇద్దరూ కలిసి పాడిన వీడియో పంపారు. కబురొచ్చిందా అని అడిగినప్పుడల్లా రొడెల్ ఇంకా లేదనేవాడు. ఇచ్చింది అతని ఫోన్ నంబరే. నమ్మిన మనిషికి తన నంబరు కూడా ఇవ్వాలన్న ఆలోచన ఎందుకొస్తుంది!

ఆ మధ్యాహ్నం హోటల్ తెరవకముందు, ఎప్పటిలాగే పనివాళ్లంతా ఒకే బల్ల దగ్గర భోజనానికి కూర్చున్నారు. పుల్లటి ఎముకల పులుసు, అన్నం. వసపిట్టలా వాగే వంటాయన బెర్టింగ్ ఆ రోజు తలెత్తకుండా తింటున్నాడు. రొడెల్ సగంలోనే లేచాడు. గిటార్ తీగలు కొనుక్కొస్తానని చెప్పి, సలోమె భుజం తట్టి వెళ్లిపోయాడు.

తలుపు మూసుకుందో లేదో, హోటల్ యజమానురాలు మానాంగ్ తన పళ్లాన్ని ఒక చుట్టు తిప్పింది. బెర్టింగ్ తిప్పాడు. గిన్నెలు తోమే ఆడవాళ్లూ తిప్పారు. భోజనం మధ్యలో ఎవరైనా ప్రయాణమై లేచిపోతే, వాళ్లు క్షేమంగా చేరాలని మిగిలినవాళ్లు పళ్లాలు తిప్పుతారు. చిన్నప్పటినుంచీ ఉన్న అలవాటు, బుర్ర ఆపేలోపే చేతులు పని కానిచ్చేశాయి. వీధి చివర తీగలు కొనడానికి వెళ్లేవాడి కోసం ఇంతమంది పళ్లాలు తిప్పుతారా?

సలోమె చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఎక్కడికి వెళ్తున్నాడని అడిగింది. చివరికి బెర్టింగే నసిగాడు. మనీలాకట, ఓడ ఎక్కడానికి. ఏజెన్సీ వాళ్లకు గిటార్ నచ్చింది, పాడే మనిషి మాత్రం ఇంకా చిన్నదై ఉండాలన్నారు. జనెల్ అనే పిల్లతో రొడెల్ మరో వీడియో తీసి పంపాడు. తీసింది ఈ హోటల్లోనే, సలోమెకి సెలవైన రోజున. లైట్లు వేసిచ్చింది మానాంగే.

సలోమెకి రొడెల్ మీద కోపం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఈ బల్ల చుట్టూ ఉన్నవాళ్ల మీద. వీళ్ల పిల్లల పెళ్లిళ్లకూ, వీళ్లింట్లో చావులకూ పాడింది తనే.

"రోజూ నా పక్కనే కూర్చుని తిన్నారు కదా మానాంగ్. ఒక్కరికీ నోరు రాలేదా?"

"నీ మనసు కష్టపెట్టడం ఇష్టంలేక ఊరుకున్నాం ఇందాయ్, మా తల్లీ. వాడే చెప్తానన్నాడు."

మానాంగ్ చూపు సలోమె పళ్లెం మీద పడింది. అదొక్కటే ఇంకా తిప్పలేదు.

"వాణ్ని తర్వాత తిట్టుకుందువుగాని, నీది కూడా ఒకసారి తిప్పమ్మా. సముద్రం మీదికి పోతున్నాడు," అని బతిమాలుతూ తనే చెయ్యి చాచింది.

సలోమె రెండు చేతులతో పళ్లాన్ని బల్లకేసి అదిమిపట్టుకుంది.

"చెయ్యి తియ్యండి," అంది.