ఎక్కడికి మావయ్యా?

బయటికి వెళ్ళే మనిషిని ఎక్కడికని అడగకూడదు. అడిగితే వెళ్ళిన పని కాదు. మా కోడూరు వైపు చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతే ఇది. అలాంటిది, మా మేనత్త కొడుకు, అడవి వాచర్‌గా చేరి ఖాకీ చొక్కా తొడిగిన దగ్గర్నుంచి రోజూ పొద్దున్నే మా నాన్నను అదే అడిగేవాడు.

"ఎక్కడికి మావయ్యా? తూర్పు కాలవకా, పడమటి కాలవకా?"

నాన్న మడ అడవిలో పీతలు పట్టేవాడు. ఉప్పెనలో ఆ మడ చెట్టునే వాటేసుకుని బతికాడు. కొన్నేళ్ళకు అది అభయారణ్యం అన్నారు, హద్దురాళ్ళు పాతారు, పీతలు పట్టకూడదన్నారు. "అభయం బావురుపిల్లికి, భయం మనకి" అనేవాడు నాన్న. అయినా వెళ్ళేవాడు. మాకు ఇంకో ఆధారం లేదు.

ఈమధ్య చేపలు తినే ఆ అడవిపిల్లుల లెక్క కోసం రెండు కాలవల దగ్గరా చెట్లకు కెమెరా పెట్టెలు కట్టారు. ముందు ఏది కదిలినా ఫోటో తీస్తాయట. దాంతో బావ మీద నాకున్న అనుమానం గట్టిపడింది. లేకపోతే మా నాన్న దారితో ఇతనికేం పని?

"మనల్ని పట్టించడానికే అడుగుతున్నాడు. పడమర అని చెప్పి తూర్పుకెళ్ళు నాన్నా" అని నేనే నూరిపోశాను.

మూడు నెలలు నాన్న అలాగే చేశాడు. జవాబు వినగానే బావ బండెక్కి నాన్న కంటే ముందే వెళ్ళిపోయేవాడు. ఆ తొందర చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. నాన్నతో నేనూ వెళ్ళాను. తూర్పు పెట్టె ఫోటోల్లో పిల్లి కంటే నాన్నే ఎక్కువసార్లు పడ్డాడు, భుజాన బుట్ట, చేతిలో కొక్కెంతో సహా. నేను బావను కొరకొరా చూశాను. అప్పుడు ఆఫీసరు పడమటి పెట్టె ఫోటోలు తెరిచారు. సరిగ్గా అవే తారీఖుల్లో, ఒక్క మనిషీ లేడు, పిల్లీ లేదు. అన్నీ పక్క చెట్టు బెరడే.

"ఈ పెట్టె మొహం తిప్పిందెవరయ్యా?" అని బావను అడిగారు.

బావ నాన్న వైపు చూశాడు.

"పడమటికే అన్నారు కదా మావయ్యా" అన్నాడు.

నాన్నకు అడవి పోయింది, బావకు ఉద్యోగం పోయింది. నాన్న ఇప్పుడు రొయ్యల చెరువు కాపలాకు వెళ్తున్నాడు. ఆ అబద్ధం చెప్పించింది నేనేనని బావతో ఇంతవరకూ అనలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. రోజూ పొద్దున్నే నాన్న బావ గుమ్మం ముందు కాసేపు ఆగుతాడు. బావ చూస్తాడు, ఎక్కడికని మాత్రం అడగడు.